ఆరోగ్య విద్యా నిపుణుల ధ్రువీకరణ

ఆరోగ్య విద్యా నిపుణుల ధ్రువీకరణ అనగా, ప్రజలకు ఆరోగ్య విషయాలు తెలియజెప్పి వారి అలవాట్లలోను, పరిసరాలలోను మార్పు తెచ్చే పనిని వృత్తిగా చేపట్టినవారి చదువును, అనుభవాన్ని, సామర్థ్యాన్ని ఒక స్వతంత్ర సంస్థ పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి. ఈ పద్ధతి పూర్తిస్థాయిలో రూపుదిద్దుకొన్నది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో. అక్కడ ప్రవేశ స్థాయి, ఉన్నత స్థాయి అని రెండు అంచెల ధ్రువపత్రాలు ఉన్నాయి. భారతదేశంలో ఈ వృత్తికి శిక్షణా సంస్థలు, ప్రభుత్వ ఉద్యోగాలు 1950, 60 దశకాల నుండి ఉన్నప్పటికీ, ఇటువంటి అంచెలవారీ పరీక్షా విధానం వేరుగా ఏర్పడలేదు. ఆంధ్ర ప్రదేశ్‌లో తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు ప్రాంతం ఆరోగ్య విద్య అవసరాన్ని, అందులోని కష్టాన్ని తెలుసుకొనడానికి తగిన ఉదాహరణ.

నిర్వచనం

వైద్యుడు రోగికి చికిత్స చేస్తాడు. ఆరోగ్య విద్యా నిపుణుడు రోగం రాకముందే, రోగి కాని మనిషితో పని మొదలుపెడతాడు. ఒక ఊరి ప్రజలకు ఏ జబ్బులు ఎక్కువగా వస్తున్నాయి, వాటికి కారణమైన అలవాట్లు ఏవి, ఆ అలవాట్ల వెనుక ఉన్న ఇబ్బందులు ఏవి అని విచారించి, తగిన కార్యక్రమాన్ని రూపొందించి, అమలు చేసి, ఫలితాన్ని కొలవడం ఇతని పని. గోడలపై నినాదాలు రాయించడం, కరపత్రాలు పంచడం, ఉపన్యాసాలు ఇవ్వడం ఈ పనిలో ఒక భాగం మాత్రమే.

చదువుకు ఇచ్చే పట్టాకు, వృత్తి ధ్రువీకరణకు తేడా ఉంది. పట్టా విశ్వవిద్యాలయం ఇస్తుంది. ఒకసారి వచ్చిన పట్టా జీవితాంతం ఉంటుంది. ధ్రువపత్రాన్ని చదువు చెప్పని వేరొక సంస్థ పరీక్ష పెట్టి ఇస్తుంది. అది కొంత కాలానికే చెల్లుతుంది. దానిని నిలుపుకొనడానికి అభ్యర్థి తన జ్ఞానాన్ని ఎప్పటికప్పుడు పెంచుకొంటూ ఉండాలి. లైసెన్సు ఈ రెండింటికంటె భిన్నమైనది. లైసెన్సు లేనిదే వృత్తి చేయరాదని చట్టం చెబుతుంది. ఆరోగ్య విద్యలో ధ్రువీకరణ సాధారణంగా స్వచ్ఛందమైనది.

చరిత్ర

అమెరికా ప్రజారోగ్య సంఘంలో ఆరోగ్య విద్యకు ఒక విభాగం 1922లో ఏర్పడింది. ప్రజారోగ్య విద్యావేత్తల సంఘం 1950లో ప్రారంభమైంది. అయితే ఆరోగ్య విద్యావేత్త అంటే ఎవరు, అతనికి ఏమి తెలిసి ఉండాలి అనే విషయంపై చాలా కాలం ఏకాభిప్రాయం లేదు. పాఠశాలలో పనిచేసేవారు, ఆసుపత్రిలో పనిచేసేవారు, ప్రజారోగ్య శాఖలో పనిచేసేవారు వేరు వేరు చదువులు చదివి వచ్చేవారు. ఈ చదువులలో ఉమ్మడి అంశాలను గుర్తించడానికి 1978లో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో ఒక సమావేశం జరిగింది. దాని ఫలితంగా ఈ వృత్తిలోని బాధ్యతలను నిర్ణయించే అధ్యయనం మొదలైంది.

ఆ కృషికి కొనసాగింపుగా 1988లో ఆరోగ్య విద్యా ధ్రువీకరణ జాతీయ కమిషన్ (ఎన్.సి.హెచ్.ఇ.సి.) లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది. తొలుత చదువు, అనుభవం, సిఫారసు లేఖల ఆధారంగా పరీక్ష లేకుండానే ధ్రువపత్రాలు ఇచ్చారు. 1990లో మొదటి పరీక్ష జరిగింది. ఉత్తీర్ణులైనవారు తమ పేరు తరువాత సి.హెచ్.ఇ.ఎస్. అని రాసుకొనవచ్చును. అనుభవం పెరిగిన కొద్దీ చేయవలసిన పనులు మారతాయి కనుక వేరొక పై అంచె అవసరమని గుర్తించి, ఎం.సి.హెచ్.ఇ.ఎస్. అనే ఉన్నత ధ్రువపత్రాన్ని ప్రవేశపెట్టారు. దీనికి మొదటి పరీక్ష 2011 అక్టోబరులో జరిగింది.

ప్రపంచ స్థాయిలో ఆరోగ్య విద్యకు సంబంధించిన అంతర్జాతీయ సంఘం 1951లో పారిస్‌లో ఏర్పడింది. 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సేవలలో ఆరోగ్య విద్యను మొదటి అంశాలలో చేర్చింది. ఆరోగ్యాన్ని నిర్ణయించేది వ్యక్తి అలవాట్లు మాత్రమే కాదని, ప్రభుత్వ విధానాలు, పరిసరాలు, సమాజం కూడా అని 1986 నాటి అట్టావా ప్రకటన పేర్కొన్నది. అప్పటి నుండి ఆరోగ్య విద్య, ఆరోగ్య ప్రోత్సాహం అనే రెండు పదాలను కలిపి వాడడం ఎక్కువైంది.

ధ్రువపత్రాల అంచెలు

ప్రవేశ స్థాయి

ఆరోగ్య విద్యలో డిగ్రీ గాని, లేదా వృత్తి బాధ్యతలకు సంబంధించిన పాఠ్యాంశాలలో కనీసం 25 సెమిస్టర్ గంటల చదువు కలిగిన మరొక డిగ్రీ గాని ఉన్నవారు ఈ పరీక్షకు అర్హులు. అమెరికా బయట చదివినవారు తమ మార్కుల పత్రాలను గుర్తింపు పొందిన సంస్థచేత మదింపు చేయించి సమర్పించాలి.

ఉన్నత స్థాయి

ఉన్నత స్థాయి పరీక్షకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ప్రవేశ స్థాయి ధ్రువపత్రాన్ని వరుసగా అయిదేళ్లపాటు చెల్లుబాటులో ఉంచుకొన్నవారిది. రెండవది, ఆ ధ్రువపత్రం లేకపోయినా తగిన పాఠ్యాంశాలతో మాస్టర్స్ డిగ్రీ పొంది, ఆరోగ్య విద్యా రంగంలో కనీసం అయిదేళ్లు పనిచేసినవారిది. రెండవ దారిలో వచ్చేవారు తాము చేసిన పనికి రుజువులు చూపాలి. ఇక్కడ పరిశీలించేది ఉద్యోగం పేరు కాదు, చేసిన పని స్వభావం. ఆసుపత్రిలో పదేళ్లు పనిచేసినా, అందులో ఆరోగ్య విద్యకు సంబంధించిన బాధ్యతలు లేకపోతే ఆ అనుభవం లెక్కకు రాదు.

పరీక్ష

రెండు అంచెలలోను పరీక్ష ఒకే నమూనాలో ఉంటుంది. మొత్తం 165 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడు గంటల సమయం. వీటిలో 150 ప్రశ్నలకు మార్కులు ఉంటాయి. మిగిలిన 15 భవిష్యత్తు పరీక్షలకొరకు ప్రయోగాత్మకంగా ఇచ్చేవి. ఏవి ఆ పదిహేను అన్నది అభ్యర్థికి తెలియదు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబరు నెలలలో, ఆంగ్లంలో జరుగుతుంది. తేడా ప్రశ్నల స్థాయిలో ఉన్నది. ప్రవేశ స్థాయిలో ఒక కార్యక్రమాన్ని ఎలా నడపాలి అని అడిగితే, ఉన్నత స్థాయిలో ఆ కార్యక్రమం విఫలమైనప్పుడు ఏ ఆధారాలను బట్టి ఏ భాగాన్ని మార్చాలి, సిబ్బందిని, నిధులను ఎలా సర్దుబాటు చేయాలి, పరిశోధన ఎలా రూపొందించాలి అనే అంశాలకు ప్రాధాన్యం ఉంటుంది.

కొనసాగింపు

ధ్రువపత్రం పొందినవారు ఏటా రుసుము చెల్లిస్తూ, ప్రతి అయిదేళ్లలో 75 గంటల నిరంతర విద్యను పూర్తి చేయాలి. ఉన్నత స్థాయివారు ఇందులో కొంత భాగాన్ని ఉన్నత స్థాయి నైపుణ్యాలలోనే పొందాలి.

వృత్తి బాధ్యతలు

2020లో వెలువడిన వృత్తి విశ్లేషణ ఈ వృత్తిని ఎనిమిది బాధ్యతలుగా విభజించింది. వీటి కింద 35 నైపుణ్యాలు, 193 ఉప నైపుణ్యాలు ఉన్నాయి. ఉప నైపుణ్యాలలో 114 ప్రవేశ స్థాయికి, మిగిలిన 79 ఉన్నత స్థాయికి చెందినవి. ఆ ఎనిమిది బాధ్యతలు ఇవి:

* అవసరాలను, ఉన్న వనరులను అంచనా వేయడం
* కార్యక్రమ ప్రణాళిక తయారు చేయడం
* అమలు జరపడం
* ఫలితాల మూల్యాంకనం, పరిశోధన
* ప్రజల పక్షాన వాదించి విధానాల మార్పుకు కృషి చేయడం
* సమాచారాన్ని అర్థమయ్యేటట్లు అందించడం
* నాయకత్వం, నిర్వహణ
* నైతికత, వృత్తి ధర్మం

ఈ వరుసకు ఒక అర్థం ఉంది. అంచనా లేకుండా ప్రణాళిక, ప్రణాళిక లేకుండా అమలు చేపడితే చివర కొలవడానికి ఏమీ మిగలదు. ఎందరికి చెప్పాము అన్నది లెక్క కాదు. విన్నవారిలో ఎందరు ఆచరించారు అన్నది లెక్క.

భారతదేశంలో

1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రజల ఆరోగ్య విద్యకు ప్రాధాన్యమిచ్చింది. 1956లో కేంద్ర ఆరోగ్య విద్యా బ్యూరో ఢిల్లీలో ఏర్పడింది. 1932లో స్థాపించబడిన కలకత్తాలోని అఖిల భారత పారిశుధ్య, ప్రజారోగ్య సంస్థలోను, తమిళనాడులోని గాంధీగ్రామ్ గ్రామీణ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థలోను ఆరోగ్య విద్యలో పోస్టు గ్రాడ్యుయేట్ డిప్లొమా శిక్షణ ఇస్తూ వచ్చారు. ఈ డిప్లొమాను అమెరికా ధ్రువపత్రంతో పోల్చవచ్చును గాని, రెండూ ఒకటి కావు. డిప్లొమా చదువు పూర్తయినదని చెబుతుంది. అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకొనవలసిన నియమం దానికి లేదు.

2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ విషయంలో ముఖ్యమైన మలుపు. వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు మొదలైనవారికి ఎప్పటి నుండో వృత్తి మండళ్లు ఉన్నాయి. వారు కాక మిగిలిన అనేక వృత్తులను ఈ చట్టం తన పట్టికలో చేర్చింది. ఆరోగ్య విద్యావేత్తలు, సలహాదారులు కూడా ఆ పట్టికలో ఉన్నారు. విద్యా ప్రమాణాలు నిర్ణయించడం, వృత్తి నిపుణుల పేర్లు నమోదు చేయడం ఈ చట్టం ఉద్దేశాలు.

ఆంధ్ర ప్రదేశ్‌లో

రాష్ట్రంలో ఆరోగ్య విద్య ప్రధానంగా వైద్య ఆరోగ్య శాఖ సిబ్బంది ద్వారా నడుస్తుంది. కుటుంబ నియంత్రణ కార్యక్రమం విస్తరించిన 1960 దశకంలో బ్లాకు స్థాయిలో విస్తరణ విద్యావేత్త ఉద్యోగాలు ఏర్పడ్డాయి. తరువాతి కాలంలో బహుళార్థ ఆరోగ్య విస్తరణాధికారి, జిల్లా విస్తరణ, మాధ్యమ అధికారి వంటి హోదాలు వాడుకలోకి వచ్చాయి. జిల్లా మాధ్యమ అధికారిని ఆంగ్ల పొడి అక్షరాలను బట్టి వాడుకలో "డెమో" అంటారు. గ్రామ స్థాయిలో ఏ.ఎన్.ఎం.లు, 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా వచ్చిన ఆశా కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి చెబుతారు. నిజానికి ఆరోగ్య విద్యలో అధిక భాగం వీరి మాటల ద్వారానే జరుగుతున్నది.

ఉద్యోగ వ్యవస్థకు ముందే ఈ పనిని స్వచ్ఛందంగా చేపట్టినవారు తెలుగునాట ఉన్నారు. పశ్చిమ గోదావరి ప్రాంతానికి చెందిన ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి (1880-1962) వైద్య, ఆరోగ్య విషయాలపై అనేక రచనలు చేశాడు.

తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు ప్రాంతం

తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలోని పట్టణం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి ఏలూరు కేంద్రంగా వేరే జిల్లా ఏర్పడింది. పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రాన్ని చేరుతుంది. సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులోని అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. నీరు సమృద్ధిగా కనిపించే ఈ ప్రాంతంలో ఆరోగ్య సమస్యలు చాలావరకు నీటితోనే ముడిపడి ఉన్నాయి.

తాగునీరు

డెల్టా గ్రామాలలో కాలువ నీటిని మంచినీటి చెరువుకు నింపుకొని వాడుకొనడం అలవాటు. వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత ఆ నిల్వ నీరే ఆధారం. కొల్లేటి లంక గ్రామాలకు చుట్టూ నీరున్నా తాగడానికి పనికిరాదు. పట్టణాల మురుగు, పొలాలలో వాడిన పురుగుమందులు, చేపల, రొయ్యల చెరువుల నుండి వదిలిన నీరు దిగువకు చేరతాయి. నీటిని కాచి చల్లార్చి తాగితే విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ వంటి అంటువ్యాధులను కలిగించే క్రిములు నశిస్తాయి. పురుగుమందులు, భార లోహాలు మాత్రం కాచినంత మాత్రాన పోవు. ఈ రెండు విషయాలను విడివిడిగా చెప్పకపోతే, కాచిన నీరు అన్నిటికీ మందు అని ప్రజలు నమ్మే ప్రమాదం ఉన్నది. కాచడం ఇంటివారి చేతిలో పని. విష పదార్థాలు నీటిలో కలవకుండా చూడడం పాలన యంత్రాంగం చేతిలో పని. పైన చెప్పిన ఎనిమిది బాధ్యతలలో అయిదవది ఇక్కడ అవసరమవుతుంది.

బోదకాలు

కోస్తా జిల్లాలలో బోదకాలు వ్యాధి చిరకాలంగా ఉన్నది. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని వ్యాపింపజేస్తుంది. దీని నిర్మూలనకు ఏడాదికొకసారి ఊరందరికీ డి.ఇ.సి. మాత్రలు ఇచ్చే కార్యక్రమం దేశంలో 2004లో మొదలైంది. తరువాత ఆల్బెండజోల్ మాత్రను కూడా చేర్చారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు. వ్యాధి వ్యాప్తి ఆగాలంటే మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మాత్రలు మింగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది.

మాత్రలు పంచడం సులభం, మింగించడం కష్టం. కాలు వాయని మనిషి "నాకు జబ్బు లేదు, మందెందుకు" అని అడుగుతాడు. అతని రక్తంలో సూక్ష్మ క్రిములు ఉండవచ్చునని, అవి దోమ ద్వారా ఇంకొకరికి చేరతాయని, లక్షణాలు బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయని వివరించాలి. మందు మింగిన తరువాత కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు వస్తాయి. క్రిములు చనిపోవడం వలన వచ్చే ఈ బాధలు సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి. ఈ సంగతి ముందే చెబితే జ్వరం వచ్చినప్పుడు మనిషి బెదరడు. చెప్పకపోతే ఒక్కరికి వచ్చిన జ్వరం వలన వీధి మొత్తం మాత్రలను పెరట్లో పారవేయవచ్చును. పొద్దున్నే పొలానికో, చేపల చెరువు మీదికో వెళ్లేవారి ఇంటికి పగలు వెళ్లి మాత్రలు ఇచ్చి వస్తే, పంపిణీ లెక్క పూర్తవుతుంది, మందు మాత్రం డబ్బాలో ఉంటుంది. కనుక సాయంత్రం వెళ్లి, ఎదురుగా మింగించి, ఎన్ని పంచారో కాక ఎందరు మింగారో రాసుకొనాలి. వృత్తి పరిభాషలో చెప్పే అవసరాల అంచనా, మూల్యాంకనం అనే మాటలకు ఊరిలో అర్థం ఇదే.

2020 ఏలూరు సంఘటన

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో కొందరు ఉన్నట్లుండి మూర్ఛ, కళ్లు తిరగడం, వాంతులతో పడిపోసాగారు. కొద్ది రోజులలో అయిదు వందలకు పైగా ప్రజలు ఆసుపత్రులకు చేరారు. ఎక్కువమంది త్వరలోనే కోలుకొన్నారు. ఒకరు మరణించారు. ఢిల్లీలోని ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ లోహాలు కనిపించాయి. తరువాతి పరిశీలనలలో పురుగుమందుల అవశేషాలపై దృష్టి పడింది.

కారణం తేలకముందు ప్రజలకు ఏమి చెప్పాలి అన్నది ఇటువంటి సమయంలో అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. అప్పటికి కోవిడ్-19 వ్యాపించి ఉన్నందున భయం ఇంకా ఎక్కువగా ఉండినది. తెలియని విషయాన్ని తెలిసినట్లు చెబితే మరునాడు మాట మార్చుకొనవలసి వస్తుంది, నమ్మకం పోతుంది. ఏమీ చెప్పకపోతే ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి. తెలిసినదేమిటి, తెలియనిదేమిటి, ఏ పరీక్షలు జరుగుతున్నాయి, ఆలోగా ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలేమిటి, మూర్ఛ వచ్చిన మనిషిని ఎలా పడుకోబెట్టాలి, ఎక్కడికి తీసుకుపోవాలి అనే అంశాలను ఒకే గొంతుతో, రోజూ ఒకే వేళకు చెప్పడం ఈ రంగంలో అంగీకరించిన పద్ధతి. ఆపత్కాల సమాచారం ఉన్నత స్థాయి నిపుణుల నైపుణ్యాలలో ముఖ్యమైనది.

ఈ ప్రాంత విద్యార్థులకు మార్గాలు

తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యా సంస్థ (ఎన్.ఐ.టి.) ఏర్పడింది. సమీపంలోని వెంకటరామన్నగూడెంలో 2007 నుండి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. ఆరోగ్య రంగానికి సంబంధించి ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల, 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. వైద్య కళాశాలలలో సామాజిక వైద్య విభాగం ఆరోగ్య విద్యను బోధిస్తుంది. వైద్య విద్య చదవనివారు ఏదైనా డిగ్రీ తరువాత ప్రజారోగ్యంలో మాస్టర్స్ (ఎం.పి.హెచ్.) చేయవచ్చును. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను, 2008లో హైదరాబాదులో ప్రారంభమైన భారతీయ ప్రజారోగ్య సంస్థలోను ఈ కోర్సులు నడిచాయి. ఆహారం, పోషణ విషయాలపై ఆసక్తి గలవారికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది.

అమెరికాలో ఎం.పి.హెచ్. చదివే తెలుగు విద్యార్థులకు ధ్రువపత్రం ఉద్యోగ ప్రయత్నంలో ఉపకరిస్తుంది. అక్కడి 2018 వృత్తుల వర్గీకరణలో ఈ వృత్తి పేరును ఆరోగ్య విద్యా నిపుణులు అనే పేర్కొన్నారు. అయితే ఎం.పి.హెచ్. ఉన్నంత మాత్రాన అర్హత రాదు. గణాంకాలు, అంటువ్యాధుల శాస్త్రం ప్రధానంగా చదివినవారికి ఆరోగ్య విద్యలో 25 గంటలు పూర్తి కాకపోవచ్చును. కనుక కోర్సులు ఎంచుకొనేటప్పుడే ఈ లెక్క చూసుకొనడం మంచిది. ఉన్నత స్థాయిని ఆశించేవారు చేసిన ప్రతి కార్యక్రమానికి సంబంధించిన ప్రణాళిక, నివేదిక, తమ పాత్ర తెలిపే పత్రాలను మొదటి నుండి భద్రపరచుకొనాలి. అయిదేళ్ల తరువాత వెదికితే అవి దొరకవు. భారత ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం ఇక్కడి నియమావళిలోని అర్హతలే ప్రమాణం.

పరిమితులు

ధ్రువీకరణ వలన వృత్తికి ఒక ఉమ్మడి ప్రమాణం ఏర్పడుతుంది. ఉద్యోగం ఇచ్చేవారికి నమ్మకం కలుగుతుంది. ఆరోగ్య సలహాల పేరుతో తప్పుడు మాటలు చెప్పేవారికి, శిక్షణ పొందినవారికి తేడా తెలుస్తుంది. అదే సమయంలో కొన్ని పరిమితులు ఉన్నాయి. పరీక్ష రుసుము, ఏటేటా చెల్లించే రుసుము తక్కువ జీతగాళ్లకు భారం. బహుళైచ్ఛిక ప్రశ్నలు జ్ఞానాన్ని కొలవగలవు గాని, లంక గ్రామంలో అరుగు మీద కూర్చున్న పెద్దవారిని ఒప్పించే నేర్పును కొలవలేవు. ఆ నేర్పు ఎక్కువగా ఉన్న ఆశా కార్యకర్తకు ఈ ధ్రువపత్రాలలో దేనికీ అర్హత లేదు.

ఈ రెండింటినీ కలపడమే ఉన్నత స్థాయి నిపుణుని అసలు బాధ్యతగా చెప్పవచ్చును. ఇంటింటికి తిరిగే కార్యకర్తకు సరియైన సమాచారం, సరియైన మాటలు, తగినంత వ్యవధి ఇవ్వడం, ఆమె ఊరి నుండి తెచ్చిన ప్రశ్నలను ప్రణాళిక తయారు చేసేవారికి చేర్చడం అతని పని.

ఇవి కూడా చూడండి

* ప్రజారోగ్యం
* బోదకాలు
* కొల్లేరు సరస్సు
* తాడేపల్లిగూడెం
* ఆచంట లక్ష్మీపతి